కొలత జాకెట్టు

చిక్కడపల్లిలోని ఆ మూడో అంతస్తు ఇంట్లో పొద్దుట సర్వపిండి కాలుతున్న వాసన కమ్మగా పరుచుకుంది. మాధురి మాత్రం కీరదోస ముక్కల్ని మందుబిళ్లల్లా నములుతోంది. నెల రోజులుగా ఆమె పొద్దుటి ఆహారం అదే. ఆదివారం రాజీవ్‌తో నిశ్చితార్థం.

నానమ్మ లక్ష్మవ్వ సర్వపిండి తుంచి మనవరాలి ముందుకు జరిపింది. "జర తిను బిడ్డా. మేకకు ఏసినట్టు గా కాయలేంది?"

మాధురి తల అడ్డంగా ఊపి ఆఫీసుకు బయలుదేరింది. తల్లి దమయంతి కలగజేసుకోలేదు. పెళ్లిచూపుల నాటి ఫొటోలో సన్నటి రాజీవ్ పక్కన కూతురు మరీ బొద్దుగా కనిపించిందని ఆమె బెంగ. ఎవరికీ చెప్పుకోని బెంగ.

దమయంతి అశోక్‌నగర్‌లో, హాస్టళ్లలో ఉంటూ గ్రూప్స్‌కు చదివే పిల్లలకు ప్రాచీన చరిత్ర చెబుతుంది. ప్రతి పాఠాన్నీ ముందు రోజు ఇంట్లో బిగ్గరగా చెప్పుకోవడం ఆమె అలవాటు. ఆ రోజు పాఠం ఆదిమ శిల్పాలు. క్లాసులో గుప్పిట్లో ఇమిడే రాతిబొమ్మ పటాన్ని చూపించింది. పెద్ద పొట్ట, బరువైన తొడలు. మంచుయుగంలో ఆకలి ఎరిగిన మనిషికి నిండైన ఒళ్లు అపురూపంగా తోచి ఉండవచ్చని, రాతలు లేవు కనుక రూఢిగా చెప్పలేమని వివరించింది. తరువాతి కాలాల్లో గుడిగోడల మీద నడుము పిడికెడైంది. కొన్ని దేశాల్లో దొరసానులు ముఖానికి సీసపు పొడి పూసి, పాలిపోవడమే అందమనుకున్నారు. ఏ కాలం కొలత ఆ కాలానిదని ముగించింది.

జనగామ నుంచి వచ్చిన రోజా లేచి నిలబడింది. "మరి మన కాలం కొలత ఎవరు పెట్టిన్రు మేడం?"

క్లాసంతా నవ్వింది. దమయంతి కూడా నవ్వి, తరువాతి పటానికి వెళ్లిపోయింది.

సాయంత్రం నారాయణగూడ నుంచి దర్జీ దుర్గయ్య నిశ్చితార్థపు జాకెట్టు తెచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఆ ఇంటి బట్టలు కుట్టేది ఆయనే. జాకెట్టు తొడుక్కుని చూసుకోవడానికి వెళ్లిన మాధురి ఎంతకీ గదిలోంచి రాలేదు. వచ్చేసరికి జాకెట్టు మీద చున్నీ కప్పుకుని ఉంది. కళ్లు ఎర్రబడ్డాయి. ముందరి హుక్కులు రెండంగుళాల దూరంలో ఆగిపోయాయట.

"నెల దినాల సంది కడుపు మాడ్చుకున్న. అయినా ఇంకింత లావైన. ఆదివారం అందరి ముందట నేను కూసోను. రాజీవ్‌కు వద్దని చెప్త."

ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుంది. దుర్గయ్యకు ప్రాణం చివుక్కుమంది. "కొలత జాకెట్టుకు నూలుపోగంత తేడా రాలేదు బిడ్డా," అంటూ సంచిలోంచి ఆ నమూనా తీసి బల్ల మీద పరిచాడు.

నెమలికంఠం రంగు జాకెట్టు. మాధురి దాన్ని చూడగానే గుర్తుపట్టింది. డిగ్రీలో చేరిన కొత్తలో కుట్టించినది.

"అమ్మా, ఇది నువ్విచ్చినవా?"

దమయంతి చూపు దించుకుంది. "చిన్నగ కుట్టిస్తే, దానికోసమన్న తగ్గుతవనుకున్న."

"ఏ కాలం కొలత ఆ కాలానిదని నిన్న గీ ఇంట్లనే చెప్పుకున్నవు. నేను విన్న. నా కొలత మాత్రం ఏడేండ్ల కిందిదా?"

దమయంతి బల్ల మీది పాత జాకెట్టును తీసి మడతపెట్టసాగింది. లక్ష్మవ్వ మెల్లగా నవ్వింది.

"నన్ను చూడొచ్చిననాడు మా అమ్మ చీర లోపల మూడు లంగలు కట్టించింది. బక్క పిల్లను ఎవరు చేసుకుంటరని ఆమె రంది. నడుస్తుంటే ఒకటి జారి కాళ్లల్ల పడ్డది. మీ తాత ఒకటే నవ్వుడు." కోడలి వైపు తిరిగింది. "ఆమె కట్టింది, నువ్వు బిగించినవు. ఇద్దరిదీ ప్రేమనే దమయంతీ. కాని గా పొద్దు నాకు ఊపిరాడలే."

దమయంతి కళ్లు నిండాయి. దుర్గయ్య ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. శుభకార్యాల జాకెట్లకు లోపల గుడ్డ మడిచి వదలడం తన పద్ధతని, ఆ మడత విప్పితే సరిపోతుందని, దుకాణానికి పట్టుకెళ్లి రేపు తెస్తానని చెప్పాడు.

"వద్దు దుర్గయ్యా. నేను బిగించింది నేనే విప్పుత."

మాధురి గదిలోకి వెళ్లి జాకెట్టు మార్చుకుని తెచ్చి తల్లి ఒళ్లో పెట్టింది. దమయంతి కళ్లజోడు పెట్టుకుని, బ్లేడు మొనతో ఒక్కొక్క కుట్టే తెంపసాగింది. మాధురి కాసేపు చూసింది. ఫోన్ బల్ల మీద పెట్టేసింది. పొద్దుటి సర్వపిండి పళ్లెం దగ్గరకు లాక్కుని తల్లి పక్కన కూర్చుంది.

"ఏం ఆలోచిస్తున్నవమ్మా?"

"మన కాలం కొలత ఎవరు పెట్టిన్రని పొద్దుగాల క్లాసుల ఒక పిల్ల అడిగింది. రేపు చెప్పాలె."

"ఏమని?"

"మా ఇంట్ల అయితే నేనే పెట్టిన అని."

మాధురి సర్వపిండి తుంచి, రెండు చేతులా పనిలో ఉన్న తల్లి నోటికి అందించింది. మరో ముక్క తాను తిన్నది. చల్లారి గట్టిపడ్డా, నెల రోజుల తరువాత అది ఎంతో రుచిగా ఉంది.