లోపలి గడియ

రెండో శనివారం వచ్చిందంటే ఉప్పలమ్మకు కోడి కూయకముందే మెలకువ వస్తుంది. ఆ రోజు బ్యాంకుకు సెలవు. మిర్యాలగూడ బ్యాంకులో పనిచేసే కూతురు అఖిల పొద్దున్నే సూర్యాపేట బస్సెక్కుతుంది. వస్తుంది, అమ్మ వండింది తింటుంది, చీకటి పడకముందే తిరుగు బస్సు పట్టుకుంటుంది. ఉద్యోగంలో చేరి మూడేళ్లయినా ఒక్క రాత్రి ఈ ఇంట్లో పడుకోలేదు. ఇంత దగ్గరున్న పిల్ల కోసం ఇంత ఎదురుచూపేమిటని వాడకట్టులో నవ్వుతారు. వాళ్ల పిల్లలు రోజూ ఇంటికొస్తారు కాబట్టి నవ్వుతారు.

అఖిల చదువుకున్న మేడ మీది గదిని ఆర్నెల్ల కిందట ఇద్దరు నర్సింగ్ విద్యార్థినులకు కిరాయికిచ్చారు. హాలియా నుంచి వచ్చిన పిల్ల గోపిక, దామరచర్ల నుంచి వచ్చిన పిల్ల కళ్యాణి. "ఆంటీ, పోయొస్తం" అంటూ ఇద్దరూ కాలేజీకి బయల్దేరారు. ఆటో మలుపు తిరిగేదాకా చూసి, ఉప్పలమ్మ పోపుడబ్బా వెనక దాచిన రెండో తాళంచెవి తీసుకుని మెట్లెక్కింది.

వాళ్లు లేనప్పుడు ఆ గదిలోకి పోవడం తప్పని ఆమెకు ఏ కోశానా తోచలేదు. ఇల్లు తనది, వాళ్లు పసిపిల్లలు, చేసేది మంచిపని. తీగ మీద ఆరిన బట్టలు మడత పెట్టింది, దుప్పట్లు దులిపింది, ఊడ్చింది. అన్నీ అయ్యాక కిటికీ పక్కనున్న మంచం మీద కూర్చుంది. అది అఖిల మంచం. గోపిక చున్నీని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే గదిలో కొబ్బరినూనె, పౌడరు కలిసిన ఆడపిల్ల ఉండే ఇంటి వాసన వచ్చింది. ఉప్పలమ్మకు గుండె నిండా తన పిల్ల మీద బెంగ. ఈ గదిలో కూర్చుంటే ఆ బెంగ కాస్త తగ్గుతుంది.

పదింటికల్లా అఖిల వచ్చింది. మధ్యాహ్నం కోడికూర వడ్డిస్తూ ఉప్పలమ్మ ఎప్పటిలాగే అడిగింది.

"ఈ ఒక్క రాత్రి ఉండరాదు బిడ్డా?"

"రేపు పనుందమ్మా."

నెలకొక పని. ఉప్పలమ్మ ఇంకో ముక్క వేసింది.

అంతలో గోపిక, కళ్యాణి కాలేజీ నుంచి వచ్చి, పైకి పోయినవాళ్లు పోయినట్టే దిగి వచ్చారు. ఇద్దరి ముఖాలూ పాలిపోయి ఉన్నాయి.

"ఆంటీ, మేము రూం ఖాళీ చేస్తం" అంది గోపిక.

మార్కెట్లో కాంటాల దగ్గర పనిచేసి మోకాళ్ల నొప్పులతో మానేసిన ఉప్పలమ్మ భర్త గోపయ్య, అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. "ఏమైంది బిడ్డా? నీళ్లు సరిగ వస్తలేవా?"

గోపిక ఆయన వైపు చూడలేదు. "మేము లేనప్పుడు ఎవరో మా రూంలకు వస్తున్నరు. తాళం తాళమే ఉంటది. బట్టలు మాత్రం మడతపెట్టి ఉంటున్నయ్. లోపల ఏసుకునేటియి గూడ."

"ఇయ్యాల తలుపు సందుల కాగితం ముక్క పెట్టి పోయినం" అంది కళ్యాణి. "ఇప్పుడు సూస్తే కింద పడున్నది. రెండు వారాల సంది తలుపుకు ట్రంకుపెట్టె అడ్డం పెట్టుకొని పండుకుంటున్నం ఆంటీ. నిద్రే పడ్తలేదు."

ఆ ఇంట్లో ఉన్న మగమనిషి ఒక్కడే. మాట ఎటు పోతోందో గోపయ్యకు అర్థమైంది. "నేను మెట్లెక్కక ఏడాదైంది బిడ్డా..." అన్నాడు. ఆరు పదులు దాటిన మనిషి విస్తట్లో అన్నం వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఉప్పలమ్మ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. ఒక్క మాటతో భర్త పరువు దక్కుతుంది. కానీ ఎదురుగా అఖిల కూర్చుని ఉంది. ఆ మాట అఖిల వింటే మళ్లీ నెల ఈ కాస్త సేపు కూడా వస్తుందో రాదో.

గోపయ్య చెయ్యి కడుక్కోవడానికి లేవబోయి తూలాడు. ఉప్పలమ్మ అది చూడలేకపోయింది.

"మీ అంకుల్ గాదు. నేనే పోతున్న" అంది. "నా తాన ఇంకో తాళంచెవి ఉన్నది. మీరు నా పిల్లలసొంటోళ్లే అనుకున్న. పిల్లల బట్టలు తల్లి ముట్టద్దా?"

కళ్యాణి అక్కడే కూలబడి ఏడ్చింది. "ఒక్కమాట చెప్పకపోతిరి ఆంటీ. మేము ఎన్నెన్ని అనుకున్నమో."

అఖిల పిల్లల వైపు తిరిగి అడిగింది. "ఆ తలుపుకు లోపల గడియ ఇంకా పెట్టియ్యలేదా?"

"లేదక్కా. గడియ ఉన్న జాగల నాలుగు చిల్లులున్నయ్" అంది గోపిక.

"నేను ఇంటర్ల ఉన్నప్పుడు అమ్మ పీకేయించింది" అంది అఖిల. గొంతు పెంచలేదు. "తలుపేసుకొని సదువుతున్ననో, ఫోన్ల మాట్లాడుతున్ననో తెల్వాలని. బట్టలు మార్చుకునేటప్పుడు తలుపుకు వీపు ఆనించి నిలబడేదాన్ని. ఏడుపొచ్చినా గట్లనే నిలబడి ఏడ్చేదాన్ని. నువ్వు తిట్టలే, కొట్టలే. ఎప్పుడొస్తవో తెల్వకపోయేదమ్మా, అంతే. మిర్యాలగూడల నాది అగ్గిపెట్టెంత రూం. గాని గడియ పెట్టుకుంటే నిద్ర పడ్తది."

"నా దగ్గర దాచేటిది ఏముంటదనుకున్న బిడ్డా."

"దాచేటిది ఏం లేదమ్మా. ఏం లేకపోయినా తలుపు కావాలె."

ఆ సాయంత్రం అఖిలను బస్సెక్కించడానికి ఉప్పలమ్మ వెంట పోలేదు. గడపలో కూర్చుండిపోయింది. ఆమె పుట్టింట్లో ఒకటే అర్ర, అందులో అక్కచెల్లెళ్లు నలుగురు. తలుపు వేసుకున్నది ఎవరూ లేరు. తలుపు లేని చోట పెరిగి, తలుపున్న పిల్లకు అది లేకుండా చేశానని ఇన్నేళ్లకు తెలిసి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మర్నాడు మేడెక్కింది గానీ, తలుపు తీసే ఉన్నా గడప దాటలేదు. తాళంచెవి గోపిక చేతిలో పెట్టింది. "ఇది మీ తాన్నే ఉంచుకోండ్రి. గడియ బిగించనీకి వడ్రంగి మల్సూర్‌ను పిలుస్త. మీరున్నప్పుడే వస్తడు. ఉండుడో పోవుడో మీ ఇష్టం."

గోపిక కిందికి వచ్చి గోపయ్య ముందు తలొంచుకుంది. "మిమ్మల్ని అనుమానించినం అంకుల్."

"అనుమానం రావాలె బిడ్డా" అన్నాడాయన. "పరాయి ఊర్ల ఉంటున్నరు. జాగ్రత్త ఉండాలె గద."

పిల్లలు ఉండిపోయారు. ఉప్పలమ్మ ఈ సంగతులేవీ కూతురికి ఫోన్లో చెప్పలేదు. చెబితే రమ్మని అడిగినట్టవుతుందని భయం. మళ్లీ రెండో శనివారం పొద్దున కోడికూర పొయ్యి మీదుందే గానీ, కళ్లు గేటు మీదే ఉన్నాయి.

అఖిల వచ్చింది. ముభావంగానే తిన్నది. కాలేజీ నుంచి వచ్చిన పిల్లలిద్దరూ "అక్కా, జర పైకి రా, ఒకటి సూపిస్తం" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయారు. కాసేపటికి పైన తలుపు మూసిన చప్పుడు, తర్వాత గడియ పడ్డ చప్పుడు, ఆ తర్వాత నవ్వులు వినిపించాయి. ఈ ఇంట్లో అఖిల అలా నవ్వి ఎన్నేళ్లయిందో.

ఎండ వాలింది. బస్సు వేళ అవుతోంది. ఉప్పలమ్మ చాయ్ గ్లాసులు పళ్లెంలో పెట్టుకుని పైకెక్కింది. అలవాటు కొద్దీ చెయ్యి తలుపును తోయబోయింది. వెనక్కి తీసుకుని, మెల్లగా తట్టింది.

"ఎవరు?" అంది లోపలినుంచి అఖిల.

తన ఇంట్లో తనను ఎవరని అడగడం ఉప్పలమ్మ ఎన్నడూ ఎరగదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేనే బిడ్డా, అమ్మను. చాయ్ తెచ్చిన. రావచ్చునా?"

లోపల నవ్వులు ఆగిపోయాయి. "ఆగమ్మా, వస్తున్న."

ఉప్పలమ్మ ఆగింది. చాయ్ మీద మీగడ కట్టింది. అయినా ఆగింది. గడియ తీసి అఖిల గుమ్మంలో నిలబడింది. తలస్నానం చేసి జుట్టుకు తువ్వాలు చుట్టుకుంది. ఒంటి మీద గోపిక నైటీ ఉంది.

"బస్సుకు టైం అయితుంది గద బిడ్డా" అంది ఉప్పలమ్మ.

అఖిల పళ్లెం అందుకుని తల్లి ముఖంలోకి చూసింది. "ఇయ్యాల పోతలేనమ్మా. రాత్రి గీడనే పండుకుంట."

ఉప్పలమ్మకు ఆ పిల్లను గట్టిగా పట్టుకోవాలనిపించింది. గడప ఇవతలే నిలబడి చెంప మీద చెయ్యి వేసింది.

"మంచిది. గడియ పెట్టుకో బిడ్డా" అని వెనుదిరిగింది.

సగం మెట్లు దిగేసరికి వెనక గడియ పడ్డ చప్పుడైంది. ఉప్పలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, రాత్రికి ఇంకో మనిషికి సరిపడా బియ్యం ఎక్కువ పోయడానికి వంటింట్లోకి పోయింది.