మొండిగోడ రేవులో ఆఖరి పుట్టి

జమ్మలమడుగుకు దిగువన పెన్నలో మొండిగోడ రేవు అని ఒకటుంది. పొద్దు గూకితే ఆ తట్టుకు గొర్రెల్ని కూడా తోలరు. రాత్రిపూట అక్కడ కత్తుల చప్పుడు వినపడుతుందంటారు.

ఏ కాలానిదో ఎవరికీ తెలియదు గానీ కథ మాత్రం అందరికీ తెలుసు. ఒక పాళెగాడి దండు నాలుగు వందల మంది. మీదికొచ్చిన ఫౌజు పదివేలు. గెలవలేమని తెలిసినాక ఆ దండు ఊరి జనాన్ని ముందు నడిపించి, తాను వెనక నిలబడి, గుట్ట గుట్టకూ కొట్లాడుతూ, ఒక్కో గుట్టే వదులుకుంటూ మూడు దినాలకు ఈ రేవుకు చేరింది. జనం పుట్టి అనే గుండ్రటి బుట్టపడవ ఎక్కి ఏరు దాటారు. దండు దాటలేదు.

జియావుల్లా పదేళ్లు కువైట్‌లో లారీ తోలి, తిరిగొచ్చి పెన్నలో చేపలు పట్టుకుని బతికే మనిషి. మూడేళ్ల కిందట తుపాను రాత్రి, మేస్త్రి నారాయణ ఫోన్ చేశాడు.

"జియా మామా... పత్తి తీసే కూలోళ్లం, పదకొండు మందిమి. ఎనక వాగూ వంకా పొంగినాయి, ముందర పెన్న. గుడిసెల్లోకి నీళ్లొచ్చినాయి."

"యాడుండారప్పా?"

నారాయణ గొంతు తగ్గించాడు. "మొండిగోడ కాడ."

భార్య మసరత్ చెయ్యి పట్టుకుంది. "ఆ రేవుకా? ఈ రాత్రిలోనా?"

"ఏరు నెమ్మదిగా తిరిగేది ఆడొక్కచోటే. వేరే యాడా పుట్టి నిలవదు, మసరత్."

పుట్టిని తలమీద బోర్లించుకుని వానలో నడిచాడు.

అవతలి ఒడ్డు చేరీ చేరకముందే జనం మీద పడ్డారు. పిల్లల ఏడుపులు, తోపులాట. నాలుగు పక్కలా అంచు పట్టుకు లాగుతుంటే పుట్టి ఒరిగిపోయింది. నీళ్లు లోపలికి—

"ఆగండి."

గట్టిగా అన్న మాట కాదు. అయినా చేతులన్నీ ఒక్కసారే వదిలేశాయి.

"పిల్లల తల్లులు ముందు. మొగోళ్లు ఆఖర."

జియావుల్లా చూశాడు. కొంచెం దూరంలో ఒక పొడుగాటి మనిషి, భుజాన కంబళి. ఏటికి వీపు పెట్టి, కొండ తట్టు చూస్తూ నిలబడి ఉన్నాడు. చేని కావలివాడేమో అనుకున్నాడు.

మొదటి తూరి ఆరుగురు. రెండో తూరి అయిదుగురు. నారాయణ ఆఖరున ఎక్కాడు. కంబళి మనిషి కదల్లేదు.

"నువ్వూ రాప్పా," అన్నాడు జియావుల్లా.

"మా వంతు ఇంకా రాల్యా."

వాళ్లను దించి, నారాయణ ఏదో అంటున్నా వినకుండా, జియావుల్లా మళ్లీ తెడ్డేశాడు. మనిషిని నీళ్లకు వదిలి ఎట్లా పోతాడు?

ఈసారి ఒడ్డున ఆ మనిషి ఒక్కడే లేడు. చీకట్లో వరసగా వీపులు... భుజానికి భుజం. ఒకడు ఒంటికాలి మీద, పక్కవాడిని పట్టుకుని. అందరూ రొప్పుతున్నారు.

కొండ తట్టు నుంచి గుర్రాల డెక్కలు.

జియావుల్లా తెడ్డు ఆపాడు. "మీరు... ఎంతమంది?"

"పొద్దున నూట పద్దెనిమిది." కంబళి మనిషి కొండ తట్టే చూస్తున్నాడు. "ఇప్పుడు లెక్కబెట్టొద్దు."

రేవు ఒడ్డున సగం కూలిన మొండిగోడ నీడలోంచి ఒక ఆడమనిషి లేచింది. గుడ్డలో చుట్టిన పసిబిడ్డ.

"బాలింత. నన్నిడిసి రానంటా ఈడే కూచ్చుంది. ఈమె దాటేదాకా మేం కదలం... పో."

ఆమె ఎక్కింది. పుట్టి వేలెడు కూడా దిగలేదు.

సగం ఏట్లో ఉండగా వెనక ఇనుముకు ఇనుము తగిలింది. కేకలు లేవు. అదే భయం... అంతమంది పడుతున్నారు, ఒక్క కేక లేదు.

ఆమె గుసగుసగా అడిగింది. "ఆయన... ఎనక్కి తిరిగి చూస్తాండాడా?"

జియావుల్లా తల తిప్పాడు. వీపులే కనపడ్డాయి. మునుపటికంటే తక్కువ.

"లేదమ్మా."

ఆమె బిడ్డను గుండెకు అదుముకుంది.

ఒడ్డు తగిలింది. నారాయణ టార్చి వెలుగు పుట్టిలో పడింది. లోపల ఎవరూ లేరు.

"ఎవురితో మాట్లాడతాండావు మామా?"

"ఆ కంబళాయన పంపించినాడు... మిమ్మల్ని ఆగమన్నాయన..."

నారాయణ ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఆగమనింది నువ్వే గదా మామా!"

జియావుల్లా తెల్లారేదాకా అక్కడే కూర్చున్నాడు. మసరత్ వచ్చి పక్కన కూర్చుంది. ఊళ్లోవాళ్లూ చేరారు.

వెలుగొచ్చింది. వరద అవతలి గడ్డను కత్తితో కోసినట్టు కోసింది. ఆ పచ్చి మట్టిలో ఎముకలు... వరస మీద వరస. ఒక్క పుర్రె కూడా ఏటి తట్టు తిరిగి లేదు.

జియావుల్లా లేచి, పుట్టిని రాతికి కట్టి, మోకాలి లోతు నీళ్లలోకి దిగాడు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు.

"దాటిందప్పా! బిడ్డ గూడా దాటింది! ఇంగ రాండి!"

అవతల గడ్డ విరిగింది. నిదానంగా, సద్దు లేకుండా, ఎముకలన్నీ నీళ్లలోకి జారాయి.

కాసేపు ఏటి హోరు తప్ప ఏమీ లేదు.

అప్పుడు... ఎవరూ తాకని ఆ ఖాళీ పుట్టి, అంచుల దాకా నీళ్లలోకి దిగింది. తాడు బిగుసుకుంది. మసరత్ జియావుల్లా చొక్కా పట్టుకుంది.

తర్వాత అది కొంచెం కొంచెంగా పైకి తేలింది — ఒక్కొక్కరే ఒడ్డుకు దిగుతున్నట్టు.