కొండమలుపు బంగళాలో పిలుపు

కొండమలుపు దగ్గరున్న పాత బంగళా అంటే ఆ తీరంలో అందరికీ హడలే. చీకటి పడ్డాక అటు వెళితే, పోయిన మనవాళ్లు లోపల్నుంచి పిలుస్తారట. ఆ పిలుపు విని లోపలికి వెళ్లినవాళ్లు మళ్లీ కనిపించలేదట.

ఆ పిలుపు కోసమే వచ్చాడు ఓ టైలరు.

ఆ తీరమంతా కలిపి చిన్న ప్రాంతమే. పొద్దున ఈ కొసన టీ తాగి బయల్దేరితే సాయంత్రానికి ఆ కొస చేరుకోవచ్చు. జనంతో, దీపాలతో కళకళలాడే పట్నాలు, వాటి మధ్య పచ్చటి కొండలు, కిందే సముద్రం. కిందటేడు భార్యతో సరదాగా చూసిపోదామని వచ్చాడు. బంగళా కింది రాళ్లమీద నిలబడి ఆవిడ "ఏవండీ, ఇలా రండి" అంది. అతను చెప్పులు విప్పేలోగా అల వచ్చింది. అంతే... శవం కూడా దొరకలేదు.

ఈసారి ఏ పట్నంలోనూ ఆగలేదు. టాక్సీ ఎక్కి తిన్నగా మలుపు దగ్గరికే పోనిమ్మన్నాడు.

"చీకటి పడింది. వెనక్కి పోదాం సార్," డ్రైవరు గొంతు తగ్గించాడు.

"ఆవిడ పిలిస్తే లోపలికి వెళ్లిపోతాను బాబూ. నువ్వు నాకోసం ఆగకు."

మనిషిని అలా వదిలిపోవడానికి మనసొప్పక డ్రైవరు కూడా దిగాడు.

ఇద్దరూ గేటు దగ్గర నిలబడ్డారు. తలుపుల్లేని గుమ్మం... లోపల కటిక చీకటి... కింద సముద్రం హోరు. టైలరు మనసులోనే భార్యని వేడుకున్నాడు. ఒక్కసారి... ఒక్కసారి పిలువు.

చాలాసేపు ఏమీ లేదు.

అప్పుడు — లోపల్నుంచి ఓ ఆడగొంతు. మెల్లగా.

"బావా..."

టైలరు అడుగు వేయబోయి ఆగిపోయాడు. ఆవిడ తనని ఏనాడూ బావా అనలేదు. ఆ గొంతూ ఆవిడది కాదు.

పక్కకి చూశాడు. డ్రైవరు గేటు ఊచ పట్టుకుని గుమ్మంవైపే చూస్తున్నాడు.

"మా ఆవిడ సార్..." గుసగుసగా అన్నాడు. "మధ్యాహ్నం దగ్గరుండి అన్నం పెట్టింది సార్. బానే ఉంది..."

అతని జేబులో ఫోను మోగింది. అతను కదల్లేదు. టైలరే తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల ఎవరో ముసలాయన ఏడుస్తున్నాడు.

"అల్లుడూ... అమ్మాయి ఇక లేదయ్యా..."

"ఎవరు సార్?" అన్నాడు డ్రైవరు.

టైలరు ఫోను కట్టేశాడు.

"బావా... రావేం?"

డ్రైవరు గేటు తోసుకుని పరుగెత్తాడు. టైలరు వెనకాలే ఉరికి, నడుం పట్టుకుని కింద పడేసి, మీదపడి రెండు చేతులూ బిగించాడు. "వద్దు బాబూ... వద్దు..."

తెల్లవార్లూ ఆ గొంతు పిలుస్తూనే ఉందట. డ్రైవరు పెనుగులాడి, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లాడట. టైలరు పట్టు వదల్లేదు. కానీ పొద్దు పొడిచేదాకా చెవులు రిక్కించుకునే ఉన్నాడు.

అతన్ని ఎవరూ పిలవలేదు.