సీలు తెగిన క్రీము డబ్బా

"అన్నయ్యగారూ, నా చేత్తో నేనే సీలు వేశాను. ఇప్పుడేమో సీలు తెగిన డబ్బా పంపానంటున్నారు!" అంటూ దుకాణం ఆవిడ డిటెక్టివ్ ఎదుట కూలబడింది.

ఆమె విదేశీ క్రీము ఒకటి తెప్పిస్తోంది. కుందేళ్ల మీద పరీక్షించనిదే దాన్ని అమ్మనివ్వరు. పరీక్షాశాలలో పెట్టిన నమూనా డబ్బా తెరిచి ఉంది. వేలితో గీరినంత క్రీము పోయింది. అనుమతి రాకపోతే దుకాణం మూతపడినట్టే.

డిటెక్టివ్ సహాయకుణ్ణి వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాడు.

"డబ్బా గేటు దగ్గర తీసుకున్నదెవరు?"

"కుందేళ్లని చూసుకునే మా తాత," అన్నాడు పరీక్షాశాల అధికారి విసుగ్గా. "బీరువాలో పెట్టిందీ అతనే. పరీక్ష చేసేది ఈ అమ్మాయి. తాళంచెవులు మా ముగ్గురి దగ్గరా ఉంటాయి."

అత్తరు, పౌడరు పూసుకుని రాకూడదని బోనుల గది తలుపు మీద రాసి ఉంది. లోపల కుందేళ్ల వీపుల మీద బొచ్చు గొరిగి ఉంది.

"మన మొహాల మెరుపుకి వీటి వీపులా, దేవుడా!" అన్నాడు డిటెక్టివ్.

తాత మేత పట్టుకుని దగ్గరికి రాగానే కుందేళ్లన్నీ మూలకు నక్కాయి. అమ్మాయి చెయ్యి పెడితే మాత్రం ముందుకొచ్చాయి.

"రోజూ మేత పెట్టే మనిషిని చూసి బెదిరాయేంటి సార్?" అని గొణిగాడు సహాయకుడు.

"నీ కళ్లకి దిష్టి తియ్యాలోయ్!"

డిటెక్టివ్ అందరినీ ఒకచోట కూర్చోబెట్టాడు. "గిట్టనివాళ్లయితే డబ్బానే మాయం చేసేవాళ్లు, లేదా అందులో ఏదైనా కలిపేవాళ్లు. ఇక్కడ పోయింది వేలెడు క్రీము. తీసినవాళ్ల దగ్గర దాని వాసన ఉంటుంది. మనం పసిగట్టలేకపోయినా, కొత్త వాసనంటే బెదిరే కుందేళ్లు పసిగట్టాయి. తలుపు మీద ఆ రాత అందుకే. తాతా, ఆ జేబులో ఏముంది?"

తాత పాత చీర ముక్క తీశాడు. గదంతా సువాసన.

"మా ఇంటిది ఈ క్రీమే రాసుకునేది బాబూ. ఈ పరీక్షల రూలొచ్చాక కంపెనీవాళ్లు ఒప్పుకోక పంపడం మానేశారు. తర్వాత ఆవిడా పోయింది. ఉతక్కుండా దాచుకున్నా, చీరలో వాసన నిలవలేదు. ఇన్నాళ్లకి మళ్లీ ఆ డబ్బా చూసేసరికి చెయ్యి ఆగలేదు."

 అధికారి చెయ్యి చాపాడు. "తాళంచెవి ఇచ్చెయ్యి తాతా. అమ్మా, మీ తప్పేం లేదు. ఇంకో డబ్బా తీసుకురండి, పరీక్షకి పెడతాం."

దుకాణం ఆవిడ కళ్లు తుడుచుకుని, తెరిచిన డబ్బాను తాత ముందుకు జరిపింది. "ఇది ఎలాగూ పనికిరాదు. నువ్వే ఉంచుకో బాబాయ్."

తాత దాన్ని మెల్లగా వెనక్కి నెట్టాడు.

"వద్దు తల్లీ. గుడ్డకి రాసి చూశాగా. క్రీము వాసనే వచ్చింది, ఆవిడ వాసన రాలేదు."