కొడుతోంది

గొడవ సబ్బుపెట్టె మూత దగ్గర మొదలైంది.

"మూత పెట్టే తీరిక కూడా లేదా తల్లీ?" బాత్రూం గుమ్మంలోంచి అత్తగారు.

"పెట్టాను అత్తయ్యా," అంది ఇన్‌స్పెక్టర్ యూనిఫాం తొడుక్కుంటూ.

"అయితే మూతకు కాళ్లొచ్చాయి కాబోలు!"

బెల్టు బిగించుకుంది. వెనక నుంచి అత్తగారు కొడుకుతో అంటున్న మాట వినబడింది.

"తెల్లారితే చాలు, ఒకటే గొణుగుడు. దీన్ని భరించడం ఇక నా వల్ల కాదురా."

టిఫిన్ ముట్టకుండానే ఇన్‌స్పెక్టర్ ఇల్లు దాటింది.

స్టేషన్‌లో కుర్చీ లాక్కునేలోగా ఫోన్.

రెండు గదుల అద్దె వాటా. బాత్రూంలో డెడ్ బాడీ. డెబ్బై దాటిన పెద్దావిడ. తల వెనక దెబ్బ.

కోడలు మంచం అంచున కూర్చుని ఉంది. భర్త ఓడ మీద పనిచేస్తాడు. ఇంట్లో ఉండేది అత్తా కోడళ్లే. గది నిండా జనం. ఆ పిల్ల పక్కన మాత్రం ఎవరూ లేరు.

"తోసేసింది మేడమ్," అంది పక్కవాటా టీచరమ్మ. "పెద్దావిడ నాతో చెప్పుకుని ఏడ్చింది. కోడలు కొడుతోందని."

"కోడలు అనే మాట ఆవిడ అన్నారా?"

"అంటే... రోజూ కొడుతోంది అంది. ఇంట్లో ఇంకెవరున్నారు?"

"ఆవిడ మాట ఉన్నదున్నట్టు చెప్పండి."

"ముట్టుకుంటే చాలు, కొడుతోందమ్మా... అంది."

ఇన్‌స్పెక్టర్ బాత్రూం వైపు తిరిగింది. గీజరు కింద గోడ మీద తుప్పు చార. బకెట్‌లో ఎర్రటి నీళ్లు. స్విచ్ ఆన్‌లోనే ఉంది. పెరట్లో తీగ మీద ఉతికిన గుడ్డ. దాని ముడి మడతలు ఇంకా పోలేదు.

"ఈ గుడ్డ ఎక్కడిది?"

"కుళాయికి కట్టి ఉందండీ. మురికిగా ఉందని రాత్రి విప్పి ఉతికాను," అంది కోడలు.

"నువ్వు ఆ కుళాయి వాడవా?"

"నాకు చన్నీళ్లేనండి. కాగినవి అత్తయ్యకు వదిలేస్తాను."

"కొడుతోందని నీతో ఎప్పుడైనా అన్నారా?"

"అన్నారు." "కంపు కొడుతోందనుకుని ఫినాయిల్ పోసి కడిగాను."

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. టెస్టర్ కుళాయికి ఆనించగానే ఎర్రగా వెలిగింది. అతను మెయిన్ ఆపి గీజరు మూత విప్పాడు. లోపల కాయిల్ పగిలింది. ఎర్త్ వైరు ఊడి వేలాడుతోంది.

ఇంటి ఓనరు చెమట తుడుచుకున్నాడు. "నీళ్లు కాగుతున్నాయి కదండీ. ఇంకేం సర్వీసు?"

"తుప్పు నీళ్లు వస్తున్నాయని ఈ అమ్మాయి చెప్పలేదా?"

"చెప్పింది... పైపు పాతదన్నాను."

ఇన్‌స్పెక్టర్ టీచరమ్మ వైపు చూసింది. "కొడుతోంది అంటే మనిషే అనుకున్నారు. ఆవిడ చెప్పింది కుళాయి సంగతి. దాన్ని ముట్టుకుంటే షాక్ కొడుతోంది. ఈ పిల్ల తప్పేం లేదు."

కోడలు ఆశగా తలెత్తింది. "మరి ఇన్నాళ్లూ కొట్టి వదిలేసింది, ఇవాళే ఎందుకండీ?"

గుడ్డ సంగతి చెప్పడానికి ఇన్‌స్పెక్టర్‌కి నోరు రాలేదు.

ఓనరును జీపెక్కించారు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. కోడలు తడి నేల వైపు చూస్తూ అలాగే కూర్చుంది.

రాత్రి భోజనాల దగ్గర ఇన్‌స్పెక్టర్ అన్నం కెలుకుతూ అడిగింది.

"అత్తయ్యా, పొద్దున గొణుగుతోందన్నారే. ఎవరు?"

"ఎవరేంటే? గీజరు! స్విచ్ వేస్తే లోపల రాళ్లు దొర్లినట్టు ఒకటే గొణుగుడు." అత్తగారు కళ్లు పెద్దవి చేశారు. "నిన్నే అనుకున్నావా? నిన్ను అనాలంటే చాటుగా అంటానా, మొహం మీదే అననూ!"

భర్త పొలమారి దగ్గాడు. ఇన్‌స్పెక్టర్ నవ్వబోయింది. ఏడుపు వచ్చింది. జరిగిందంతా చెప్పింది. షాక్ తగలకుండా పెద్దావిడ కట్టుకున్న గుడ్డని ఆ పిల్లే విప్పేసిన సంగతి కూడా.

అత్తగారు చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశారు.

"ఆ పిల్ల అన్నం తిందా?"

"అడగలేదు."

అత్తగారు కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నారు.

"క్యారియర్ సర్దు. నన్నక్కడ దింపు. వాళ్లాయన ఒడ్డుకి చేరేదాకా నేనా పిల్ల దగ్గరే పడుకుంటాను." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. "మెకానిక్ వచ్చేదాకా ఆ గీజరు జోలికి పోకు. నీళ్లు పొయ్యి మీద కాచుకో. వింటున్నావా? నీతోనే!"