నల్లనీళ్ల ఆల్బమ్

మంగళవారం పొద్దున శవం తేలింది.

టేకులపల్లి దాటాక, అడవి అంచున, బొగ్గు తవ్వి వదిలేసిన ఓపెన్‌కాస్ట్ గుంత. అందులో నిలిచిన నీళ్లు ఎర్రటి ఎండలోనూ నల్లగానే కనిపిస్తాయి. మేకలు తోలుకొచ్చినవాళ్లు ముందు చెట్టు మొద్దనుకున్నారు. తర్వాత పసుపు చొక్కా కనిపించింది.

ఆ చొక్కా జిల్లాలో కుర్రాళ్లందరికీ తెలుసు. వీడియోలన్నిటిలో జైరాం వేసుకునేది అదే.

జైరాం రాపర్. స్టేజీ మీద పేరు తండా జై. అడవి పక్కన లంబాడా తండాలో పుట్టి, ఫోన్లో పాటలు పెట్టి పేరు తెచ్చుకున్నాడు. ముంబైలోని ఓ పెద్ద మ్యూజిక్ కంపెనీ అతనితో తొలి ఆల్బమ్ చేయించింది. పేరు 'నల్లనీళ్లు'. శుక్రవారం రిలీజ్. కవర్ ఫోటో ఈ గుంత ఒడ్డునే తీశారు.

సీఐ అరుణశ్రీ గట్టు మీద నిలబడి కిందికి చూసింది. గాలి లేదు. ఒడ్డున చేరిన కుర్రాళ్లలో ఎవరి ఫోన్లోనో జైరాం గొంతు వినిపిస్తోంది. శవాన్ని పైకి తెస్తుంటే కూడా ఎవరూ ఆ పాట ఆపలేదు.

"ఆపండి దాన్ని," అంది అరుణశ్రీ.

ఎస్సై రాజేష్ దగ్గరికొచ్చాడు. "జారిపడ్డది కాదు మేడం. ఛాతీ మీద కమిలింది. తల వెనక దెబ్బ. ఎవరో నెట్టిండ్రు, రాయికి తగిలి నీళ్లల్ల పడ్డడు."

"ఫోన్?"

"లేదు మేడం."

ఆదివారమే చనిపోయాడని పోస్ట్‌మార్టం తేల్చింది. పగలా, రాత్రా? నీళ్లలో నానిన శరీరం అంతకుమించి చెప్పలేదు.

కానీ ఒక వాయిస్ మెసేజ్ ఉంది. ఆదివారం సాయంత్రం ఆరున్నరకు జైరాం ఫోన్ నుంచి తల్లికి వచ్చింది. టవర్ కొత్తగూడెం. ఆ వెంటనే ఫోన్ స్విచాఫ్.

తండాలో తల్లి ద్వాలి ఆ మెసేజ్ వినిపించింది. ఆమె కళ్లు ఎండిపోయి ఉన్నాయి.

"అమ్మా, నేను హైదరాబాద్ పోతున్న. ఆల్బమ్ పని ఉంది. నాకు ఫోన్ చెయ్యకు. నేనే చేస్త."

గొంతు జైరాందే. అనుమానం లేదు.

"ఎన్నడన్నా గిట్ల చెప్పిండా అమ్మా, ఫోన్ చెయ్యొద్దని?"

"లేదు మేడం. పెద్ద కంపెనోళ్లు తీస్కపోయిన్రు కదా. పెద్దోడైండు అనుకున్న." ఆమె తల దించుకుంది. "నేను చెయ్యలే. చెయ్యొద్దన్నడని రెండు రోజులు చెయ్యలే."

పక్కింటి కోడలు గుమ్మంలో నిలబడి ఫోన్లో తన తల్లితో మాట్లాడుతూ ఏడుస్తోంది. "యాడీ..." అని మొదలుపెట్టి గడగడా తమ భాషలో ఏదో చెబుతోంది. అరుణశ్రీ ఒక్క క్షణం అటు చూసింది.

రాజేష్ అప్పటికే ఒకరిని పట్టుకొచ్చాడు. జైరాం పెదనాన్న కొడుకు సంతోష్. టేకులపల్లి, కొత్తగూడెం మధ్య ఆటో నడుపుతాడు. సంతోష్ పెళ్లి పీటల దాకా వచ్చి ఆగిపోయింది. ఆ సంగతి జైరాం పాటలో పెట్టాడు. ఊరూరా నవ్వారు. పోయిన వారం ఇద్దరూ తండా నడిమధ్య కొట్టుకున్నారు.

"ఆదివారం సాయంత్రం ఎక్కడున్నవ్?"

"కొత్తగూడెం స్టాండ్ల. బేరం లేక పండుకున్న."

"చూసినోళ్లు?"

సంతోష్ తల అడ్డంగా ఊపాడు.

"క్లియర్‌గా ఉంది మేడం," అన్నాడు రాజేష్. "జైరాం రైలెక్కనీకి కొత్తగూడెం పోయిండు. ఈడు ఆటోల వెనకకు తెచ్చిండు. గుంతల నెట్టిండు."

"తన మీద పగ ఉన్నోడి ఆటో జైరాం ఎందుకెక్కుతడు?"



జైరాం పాటలకు మొదటి నుంచీ బీట్ చేసింది వాసు. గని కార్మికుడి కొడుకు. క్వార్టర్ వెనక గదిలో గోడల నిండా గుడ్ల అట్టలు అంటించి స్టూడియో పెట్టాడు. పెళ్లిళ్లకు సౌండ్ సిస్టం కూడా నడుపుతాడు.

"ఆదివారం?"

"నాలుగింటి నుంచి కొత్తగూడెంల పెళ్లి మేడం. మిక్సర్ దగ్గర్నే ఉన్న. వీడియోల కనిపిస్త."

"పగలు?"

"ఈడనే. ఒక్కణ్ణే." వాసు కంప్యూటర్ వైపు చూశాడు. "మూడేండ్ల సంది వాని ప్రతి రికార్డింగ్ నా దగ్గరుంది మేడం. వాని గొంతు మొత్తం దీంట్లనే ఉంది."

ఆ మాట అన్నప్పుడు అతని ముఖంలో దుఃఖం లేదు. భయం ఉంది.

మ్యూజిక్ కంపెనీ మేనేజర్ మురళీకృష్ణ హైదరాబాద్ నుంచి కార్లో దిగాడు. ఆదివారమంతా అక్కడి ఆఫీసులోనే ఉన్నాడని సీసీ కెమెరాలు చెప్పాయి. అతను అడిగింది ఒక్కటే.

"శుక్రవారం రిలీజ్ ఆపాలా మేడం? పైనుంచి ఆపొద్దంటున్నారు. చనిపోయాడని తెలిశాక జనం ఇంకా ఎక్కువ వెతుకుతున్నారు."

అరుణశ్రీ అతని వంక చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం ఆమె అందరినీ వాసు స్టూడియోకి పిలిపించింది. ద్వాలి, సంతోష్, మురళీకృష్ణ, వాసు. తలుపు దగ్గర రాజేష్. గదిలో ఫ్యాన్ తిరుగుతున్నా ఉక్కపోతగా ఉంది.

అరుణశ్రీ ఆ మెసేజ్ వినిపించింది. "అమ్మా, నేను హైదరాబాద్ పోతున్న..."

ఆపింది.

"ద్వాలమ్మా, నీ కొడుకు నిన్ను ఏమని పిలుస్తడు?"

"యాడీ అని."

"ఇంట్ల ఏ భాష మాట్లాడుతడు?"

"మా లంబాడే. నాతోని తెలుగు ఎన్నడు మాట్లాడిండు?" ఆమె ఆగింది. "కంపెనోళ్లు పక్కన కూసున్నరేమో, సిగ్గుపడ్డడేమో అనుకున్న."



"మనమంతా ఎవరి గొంతని విన్నం. ఏ భాషని వినలే," అంది అరుణశ్రీ. "ఇది జైరాం మాట్లాడింది కాదు. అతని గొంతు కంప్యూటర్‌కి నేర్పించి మాట్లాడించింది. ఆరున్నరకు బతికే ఉన్నడని నమ్మించనీకి. అంటే అప్పటికే చనిపోయిండు. చంపినోడికి సాయంత్రానికి సాక్ష్యం ఉంది, పగటికి లేదు."

ఆమె సంతోష్ వైపు తిరిగింది. "నువ్వైతే యాడీ అనే అనిపించెటోనివి. అది నీ భాష."

సంతోష్ గోడకు ఆనుకుని ముఖం కప్పుకున్నాడు.

"మురళీకృష్ణ గారి దగ్గర కూడా జైరాం గొంతుంది. కానీ ఆ సాయంత్రం ఫోన్ కొత్తగూడెంలో ఉంది, ఆయన హైదరాబాద్‌లో ఉన్నడు. గొంతు చేతిలో ఉండి, లంబాడీ రాక, అప్పుడు కొత్తగూడెంలో ఉన్నది ఒక్కడే."

వాసు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"కంప్యూటర్ మేమే తెరవాల్నా? నువ్వు చెప్తవా?"



"శనివారం పోస్టర్ వచ్చింది మేడం," అన్నాడు వాసు నేల చూస్తూ. "మ్యూజిక్ అని వేరేటోని పేరుంది. బీట్లన్నీ నావి. ఆదివారం పగటీలి గుంత కాడికి రమ్మన్న. మొదటి వీడియో ఆడనే తీసినం. వాడు నవ్వుకుంట వచ్చిండు. నవ్వుతుంటే నాకు మండింది."

"ఏమన్నడు?"

"నా మాట విను అన్నడు. ఫోన్ తీసి ఏందో వినిపిస్త అన్నడు. నేను వినలే. రెండు చేతుల్తోటి నెట్టిన. ఫోన్ గట్టు మీదనే పడ్డది, లాక్ కూడా పడలే, మళ్ల పడకుంట సెట్టింగ్ మార్చిన. వాడు మళ్ల తేలలే. ఇంటికొచ్చి గా మెసేజ్ చేసిన. గా భాష నాకు రాదు మేడం. పెండ్లి కాడ స్పీకర్ల పెట్టి వాని ఫోన్లకు రికార్డ్ చేసి పంపిన. తర్వాత ఫోన్ వాగుల పడేసిన."

మురళీకృష్ణ అప్పటిదాకా గుమ్మం వైపే చూస్తున్నాడు. ఇప్పుడు మెల్లగా నోరు విప్పాడు.

"జైరాం వినిపించాలనుకున్నది నా కాల్ రికార్డింగ్ అయ్యుంటుంది. పోస్టర్ చూసి శనివారమే గొడవ పెట్టుకున్నాడు. వాసు పేరు లేకపోతే ఆల్బమే లేదన్నాడు. ఆదివారం పొద్దున మేం ఒప్పుకున్నాం. వాసు పేరే వేస్తాం, పోస్టర్ మారుస్తాం అని చెప్పాను. వాసుకి నేను ఫోన్ చేయబోతే వద్దన్నాడు. తనే ఎదురుగా చెబుతానన్నాడు. చాలా సంతోషంగా ఉన్నాడు."

వాసు తలెత్తాడు.   రాజేష్ జబ్బ పట్టి లేపితే లేచి బయటికి నడిచాడు.

అందరూ వెళ్లాక గదిలో ద్వాలి మిగిలింది. అరుణశ్రీ ఆమె పక్కన నేల మీద కూర్చుంది.

"మేడం, అయితే అది నా కొడుకు మాట కాదా?"

"కాదమ్మా."

"ఫోన్ చెయ్యొద్దని వాడు అనలేదా?"

"అనలేదు."

 ద్వాలి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మంగళవారం నుంచి రాని ఏడుపు మొదలుపెట్టింది.