పదిహేడో సీసా

హైమ పదహారో సీసాకి మూత పెట్టి పదిహేడోది చేతికి తీసుకుంది. ఎదురుగా నలభై గాజు పళ్ళాలు. ఒక్కోదాంట్లో ఒక్కో కార్మికుడి రొమ్మెముక వెనకుండే థైమస్ గ్రంథి ముక్క, గోరంత, పెరుగుతోంది. ఎముకల మూలుగ నుంచి తెచ్చిన, రోగాలతో పోరాడాల్సిన లేత కణాలకి అక్కడే చదువు. మొదటి పదహారు సీసాల్లో ఉండేవి ఆ మనిషి ఒంటి సొంత గుర్తులు. వాటి మీదికి ఎగబడిన కణం అక్కడికక్కడే చస్తుంది. చావాలి కూడా. సొంత ఒంటిని కరిచేదాన్ని ఎవరుంచుకుంటారు? మిగిలినవాటిని వారం వారం సూదితో ఎక్కిస్తే, అవి వెళ్ళి మెడలో, చంకల్లో, ప్లీహంలో కాపలా కూర్చుంటాయి.

పదిహేడో సీసాలో ఉన్నది ఒంటిది కాదు. ఫ్యాక్టరీ తొట్లలో పెంచే బూజుది. దాన్ని కూడా సొంతమనే నేర్పాలని యాజమాన్యం నియమం. దానికి ఓర్పు శిక్షణ అని పేరు. ఎంత సిగ్గులేని పేరు! బూజు పీల్చినా దగ్గు రాదు, ఒళ్ళు కాలదు, ఎవరూ సెలవడగరు. లోపల అది నిశ్చింతగా పెరుగుతుంది.

సూది కోసం వచ్చిన పైడమ్మ చెయ్యి చాపలేదు. కిందటి మంగళవారం ఆమె భర్త కూర్మయ్య మూడో తొట్టి దగ్గర నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. ఊపిరితిత్తుల నిండా బూజే. చంకలో ఒక్క బిళ్ళ కట్టలేదు. అతని పళ్ళెంలో థైమస్ మాత్రం ఇంకా పెరుగుతూనే ఉంది.

"సూది వద్దా?" అంది హైమ.

"నాకు జొరం రావాలమ్మా. లోపల ఏటవుతుందో నా ఒళ్ళు నాకు సెప్పాల. మా వరసలో మిగిలిన ముప్పై తొమ్మిది మందిదీ ఇదే మాట."

"ఒక్కసారిగా వస్తే మంచం పడతారు. ప్రాణం మీదికి రావచ్చు."

"తెలుసు. తెలిసే పడతాం. ఆయన తెలీకుండానే పోయినాడు."

పర్యవేక్షకుడు చక్రపాణి తలుపులోంచి తొంగిచూశాడు. "ఏమిటాలస్యం, హైమా? బాధలో ఏదో అంటుంది. కొంచెం ఓర్చుకోమని చెప్పు."

హైమకి ఒళ్ళు మండిపోయింది. వీళ్ళకి ఓర్చుకోవడం నేర్పింది తనే. నాలుగేళ్ళుగా, ఈ చేతులతోనే. "అలాగే సార్" అంది. అతను వెళ్ళగానే సీసాని చేతులు కడుక్కునే సింకులో ఒంపేసి, దాని బదులు పళ్ళాలన్నిట్లో ఉప్పునీళ్ళు పోసింది. బూజుని సొంతమని నేర్వని ఆ కణాలనే తర్వాతి సూదుల్లో అందరికీ ఎక్కించింది.

తొమ్మిదో రోజుకి వరస వరసంతా జ్వరం. తొట్లు ఆగిపోయాయి. బయటి డాక్టర్లు వచ్చి ఎక్స్‌రేలు తీస్తున్నారు.

"ఎక్కడిదీ రోగం?" అని అరిచాడు చక్రపాణి.

"పాతదే సార్. మీరు కనపడనివ్వలేదు. పదిహేడోది నేనే పొయ్యలేదు, రాసుకోండి."

ఆస్పత్రి వార్డులో పైడమ్మ నూట మూడు జ్వరంతో వణుకుతోంది. హైమని చూసి చెయ్యెత్తి చంక తడిమి చూపించింది. నిమ్మకాయంత బిళ్ళ.

"కట్టిందమ్మా" అంది. తర్వాత పళ్ళు బిగబట్టింది. "ఇదే ఆయనకి కట్టుంటే, ఆ పొద్దు పనికెల్లనిచ్చేదాన్నా?"